సిరా చుక్కలో కరెంటు

ముందు ఒక్క మిల్లీలీటరు సిరా లెక్క చూద్దాం. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో సోలార్ సెల్స్ కోసం కలిపిన నల్లటి సిరాలో మిల్లీలీటరుకి 200 మిల్లీగ్రాముల పొడి ఉండేది. రాగి, జింక్, తగరం, గంధకం కలిసిన పొడి అది. ఒక్కో కణం అడ్డంగా 15 నానోమీటర్లు ఉందనుకుని కాగితం మీద లెక్క కడితే, ఆ ఒక్క మిల్లీలీటరులోనే సుమారు 250 కోట్ల కోట్ల కణాలు తేలతాయి. వాటన్నిటి పైపొరల వైశాల్యం కలిపితే 17 చదరపు మీటర్లు దాటుతుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు భాషలో 20 గజాల జాగా. అదంతా చిన్న సీసాలో, మూత కింద.

ఇలాంటి సెమీకండక్టర్ నానో కణాల సిరాని గాజు మీదో, రేకు మీదో, ప్లాస్టిక్ మీదో పూసి, సోలార్ సెల్‌ని పేపర్ అచ్చేసినంత సులువుగా అచ్చేయాలన్నది ఇరవై ముప్ఫై ఏళ్లుగా శాస్త్రవేత్తల్ని వదలని కోరిక. ఈ రంగంలో రికార్డులకు కొదవ లేదు. వింతేమిటంటే, వాటిలో ప్రింటింగ్ మెషీన్ దగ్గర పుట్టింది దాదాపు ఒక్కటీ లేదు. అన్నీ అచ్చుకి ముందు గాజు కుప్పెలోనో, అచ్చయ్యాక కొలిమిలోనో పుట్టినవే.

350 గ్రాములు ఎక్కడ, 9 గ్రాములు ఎక్కడ

మన మేడల మీద కనిపించే మామూలు ప్యానెల్లో సిలికాన్ పలక మందం దాదాపు 150 మైక్రాన్లు. చదరపు మీటరుకి 350 గ్రాముల సిలికాన్ పడుతుంది. పైన చెప్పిన రాగి, జింక్, తగరం, గంధకం పదార్థాన్ని పొట్టి అక్షరాల్లో సీజెడ్‌టీఎస్ అంటారు. అదైతే 2 మైక్రాన్ల పొర చాలు, చదరపు మీటరుకి 9 గ్రాములు. సిలికాన్ వెలుతురుని నిదానంగా పీల్చుకుంటుంది కాబట్టి దానికి మందం కావాలి. సీజెడ్‌టీఎస్ లాంటివి పైపొరల్లోనే పట్టేస్తాయి. సన్నపొర సెల్స్‌కి ఉన్న ఆకర్షణంతా ఇక్కడే ఉంది.

అయితే ఆ సన్నపొరని మామూలుగా శూన్యపు గదుల్లో ఆవిరి పట్టించి వేస్తారు. ఆ యంత్రాలు ఖరీదైనవి, పైగా పదార్థంలో కొంత గది గోడలకే అంటుకుపోతుంది. సిరా అయితే మామూలు గాలిలో, కావలసిన చోట కావలసినంతే పడుతుంది. చెప్పుకోవడానికి ఇంత బాగుంటుంది. కష్టాలన్నీ ఆ తర్వాతే.

ఒక్క ఏడాదిలో తొమ్మిది రెట్లు

2009లో పర్డ్యూ బృందం సీజెడ్‌టీఎస్ నానో కణాల సిరాతో చేసిన సెల్ సామర్థ్యం 0.8 శాతం. మీద పడిన ఎండలో నూటికి ఒక వంతు కూడా కరెంటు కాలేదన్న మాట. 2010లో అదే బృందం 7.2 శాతానికి చేరింది. సరిగ్గా తొమ్మిది రెట్లు. బృందాన్ని నడిపినవారిలో ఒకరు రాకేశ్ అగ్రవాల్. ఐఐటీ కాన్పూర్‌లో చదువుకుని, గ్యాసుల్ని వేరుచేసే, ద్రవంగా మార్చే పరిశ్రమలో రెండు దశాబ్దాలకు పైగా పనిచేసి, ఆ తర్వాత పాఠాలు చెప్పడానికి వచ్చిన కెమికల్ ఇంజనీరు. 2011లో ఒబామా చేతుల మీదుగా అమెరికా జాతీయ సాంకేతిక పతకం అందుకున్నారు.

ఆ తొమ్మిది రెట్లు ఎక్కడినుంచి వచ్చాయో తెలియాలంటే వంటకం చూడాలి. మూడు మూతుల గాజు కుప్పెలో రాగి, జింక్, తగరం లవణాలు వేసి, ఒలైల్ ఎమీన్ అనే కొవ్వు జాతి నూనె పోసి, గాలి తగలకుండా వేడి చేస్తారు. వేడి 225 డిగ్రీలకు రాగానే, అదే నూనెలో కరిగించిన గంధకాన్ని సిరంజితో ఒక్కసారిగా లోపలికి కొడతారు. చుక్కలు చుక్కలుగా పోస్తే పని చెడుతుంది. కణాలన్నీ ఒకే క్షణంలో మొలకెత్తితేనే ఒకే సైజుకి పెరుగుతాయి. అరగంట ఉంచి, చల్లార్చి, ఆల్కహాల్ లాంటి ద్రావకాలతో కడిగి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున నల్లటి ముద్ద మిగులుతుంది. దాన్ని హెక్సేన్ థయాల్‌లో కలిపితే సిరా తయారు. ఆ ద్రావకం ఎంత కంపు కొడుతుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. గ్యాస్ సిలిండర్ లీకైతే తెలియడానికి వాసన కోసం కలిపే రసాయనం కూడా ఈ కుటుంబంలోదే.

కుప్పెలో పోసిన నూనె పని వేడిని మోయడంతో అయిపోదు. ప్రతి కణం చుట్టూ పూతగా అంటుకుని, కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడుతుంది. ఏడాదికి సరిపడా కందిపప్పు పాడవకుండా మన ఇళ్లలో ఆముదం పట్టిస్తారు చూడండి, అలాంటి ఏర్పాటే. నిల్వ ఉన్నంతకాలం ఆ పూత ఉండాల్సిందే, వండేముందు పోవాల్సిందే. పప్పు కడిగితే ఆముదం పోతుంది. నానో కణాన్ని కడిగితే మాత్రం నూనె పూర్తిగా పోదు. 18 కార్బన్ల గొలుసు అది, కరెంటు ప్రవహించనివ్వదు. కాలిస్తే బొగ్గవుతుంది. ఆ బొగ్గు పొర అడుగున చేరి, పైన స్ఫటికాలు పెరిగినా కింద సన్న రవ్వలాగే మిగిలిపోవడం ఈ సెల్స్‌ని చాలాకాలం పీడించిన రోగం.

పర్డ్యూ వాళ్లు సిరాని మాలిబ్డినం పూసిన గాజు మీద బ్లేడుతో లాగి పూశారు. అంటే అచ్చుపని క్షణాల్లో అయిపోయింది. అసలు పని 500 డిగ్రీల కొలిమిలో జరిగింది. అక్కడ సెలీనియం ఆవిరిలో 20 నిమిషాలు ఉంచారు. గంధకం పరమాణువుల చోటుకి వాటికన్నా పెద్దవైన సెలీనియం పరమాణువులు వచ్చి కూర్చున్నాయి. స్ఫటికం ఉబ్బింది, కణాల మధ్య ఖాళీలు పూడుకుపోయాయి, నానోమీటర్లలో ఉన్న రవ్వ మైక్రాన్ సైజు స్ఫటికాలుగా మారింది. 0.8ని 7.2కి చేర్చినవి మాత్రం కణాల్లో లోహాల పాళ్లు సర్దడం, పూత వేసే పద్ధతిని మెరుగుపరచడం. ఇంత కష్టపడి నానో సైజులో చేసిన కణాల్ని చివరికి ఆ సైజే లేకుండా కలిపేయడమా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ తరహా సిరాల్లో నానో సైజు అవసరం దారిలోనే తప్ప గమ్యంలో కాదు.

చవక గాజు చేసిన మేలు

సన్నపొర సెల్స్‌కి ఖరీదైన, స్వచ్ఛమైన గాజు కన్నా కిటికీలకు వాడే సోడా లైమ్ గాజే మంచిదని 1990ల మొదట్లో బయటపడింది. అందులోని సోడియం వేడికి పైకి ఎగబాకి స్ఫటికాలు పెరగడానికి సాయపడుతుంది, వోల్టేజీ కూడా పెంచుతుంది. మలినం అనుకున్నది మందయింది. ఇప్పుడు రేకు మీదో ప్లాస్టిక్ మీదో అచ్చేసేవాళ్లు కావాలనే సోడియం కలుపుకుంటారు.

తొందరగా కరిగే గుణం

కాడ్మియం సల్ఫైడ్ గడ్డ కరగాలంటే 1,400 డిగ్రీలు కావాలి. దాన్నే రెండు మూడు నానోమీటర్ల కణాలుగా చేస్తే ఆ వేడి సగానికన్నా కిందికి పడిపోతుందని 1992లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పాల్ అలివిసాటోస్ బృందం చూపించింది. చిన్న కణంలో పరమాణువుల్లో ఎక్కువ వంతు అంచుల్లోనే ఉంటాయి. అంచున ఉన్నదానికి పట్టు తక్కువ, కాబట్టి త్వరగా జారిపోతుంది. అచ్చేసిన పొడిని ఓ మోస్తరు వేడిలో ఏకపొరగా మార్చవచ్చన్న ధైర్యం ఈ రంగానికి వచ్చింది ఇక్కడినుంచే. అదే అలివిసాటోస్ బృందం 2005లో కాడ్మియం టెల్యూరైడ్, కాడ్మియం సెలినైడ్ కడ్డీల సిరాలతో 3 శాతానికి కాస్త తక్కువ సామర్థ్యం ఉన్న సెల్ చేసింది. 2014 నాటికి కాడ్మియం టెల్యూరైడ్ కణాల్ని పొరలు పొరలుగా పూసి కాల్చే పద్ధతిలో 12 శాతం దాటారు.

రాకెట్ ఇంధనంతో సిరా

అన్ని సిరాల్లోకీ ప్రమాదకరమైనది ఐబీఎం వాళ్లది. కంప్యూటర్ల కంపెనీకి సోలార్ సిరాతో పనేమిటని అడగొచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలోని యార్క్‌టౌన్ హైట్స్‌లో ఉన్న వాళ్ల పరిశోధన కేంద్రంలో డేవిడ్ మిట్జీ అనే శాస్త్రవేత్త హైడ్రజీన్‌ని ద్రావకంగా ఎంచుకున్నారు. ఉపగ్రహాలను అటూ ఇటూ జరిపే చిన్న రాకెట్లలో వాడే ద్రవం అది. విషం, పేలుడు స్వభావం రెండూ ఉన్నాయి. అయినా ఎందుకంటే, దానిలో నైట్రోజన్, హైడ్రోజన్ తప్ప ఇంకేమీ లేదు. వేడి చేస్తే రెండూ గాలిలో కలిసిపోతాయి. కార్బన్ అసలే లేదు కాబట్టి బొగ్గు మిగిలే ప్రసక్తే లేదు. పర్డ్యూ వాళ్లని సతాయించిన నూనె గొడవకి ఇంతకన్నా తెగువైన జవాబు మరొకటి లేదు.

కొంత కరిగి, కొంత కణాలుగా తేలే ఆ సిరాతో 2010లో 9.6 శాతం వచ్చింది. 2013లో 12.6 శాతం. సీజెడ్‌టీఎస్ కుటుంబంలో ఆ అంకెని దాటడానికి ప్రపంచానికి చాలా ఏళ్లే పట్టింది. ఏ ఫ్యాక్టరీ యజమానీ తన షెడ్డులోకి రానివ్వని ద్రవం ఇన్నేళ్లు రికార్డు పట్టుకుని కూర్చుంది. 2023లో చైనా శాస్త్రవేత్తలు మామూలు ద్రావకంతో 13.8 శాతం సాధించి ధ్రువీకరణ పొందారు. వాళ్ల పరిశోధన పత్రం శీర్షికలో సిరా మాట లేదు, ప్రింటింగ్ మాట లేదు. సెలీనియం ఆవిరి పీడనాన్ని ఎలా అదుపు చేశామన్నదే శీర్షిక. మళ్లీ కొలిమే గెలిచింది.

ఇంతకీ సీజెడ్‌టీఎస్ మీద ఇంత మోజెందుకంటే, దీనికి ఇండియం అనే అరుదైన లోహం అక్కర్లేదు. దీని ఖనిజ రూపం పేరు కెస్టరైట్, సైబీరియాలోని యకుటియాలో కెస్టర్ అనే చోటు పేరు మీద వచ్చింది. ఇది ఎండని కరెంటు చేస్తుందని 1988లో జపాన్‌లో షిన్‌షు విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు.

హైడ్రజీన్‌తో విషాల సంగతి వచ్చింది కాబట్టి మరొకటి. కాలిఫోర్నియాలో విజయ్ కపూర్ నడిపిన ఐసెట్ అనే చిన్న కంపెనీ ఇండియం ఉన్న వేరే కుటుంబంలో, లోహపు ఆక్సైడ్ల నానో కణాల సిరాతో 2003 ప్రాంతానికే 13.6 శాతం చూపించింది. చాలామందికి గుర్తులేని రికార్డు ఇది. ఆక్సైడ్ కణాలకు నూనె పూత బాధ లేదు. బదులుగా ఆక్సిజన్‌ని వదిలించడానికి హైడ్రోజన్ సెలినైడ్ గ్యాసు కావాలి. అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో ఆ గ్యాసుకి ఉన్న పరిమితి రెండు కోట్ల భాగాల గాలిలో ఒక్క భాగం.

అన్నిటికన్నా పెద్ద జూదం

నానోసోలార్ గురించి చెప్పకుండా ఈ సంగతులు పూర్తికావు. 2002లో కాలిఫోర్నియాలో మొదలైంది. రాగి, ఇండియం, గాలియం, సెలీనియం కలిసిన సీఐజీఎస్ అనే పదార్థపు నానో కణాల సిరాని అల్యూమినియం రేకు చుట్ట మీద అచ్చేస్తామంది. వాట్‌కి డాలరు లోపే ఖర్చని ఊరించింది. సిలికాన్ కొరత తీవ్రంగా ఉన్న రోజులవి. శుద్ధ సిలికాన్ ధర 2008లో కిలో 400 డాలర్లు దాటింది. పెట్టుబడిదారులు క్యూ కట్టారు. కంపెనీకి వచ్చి చేరిన సొమ్ము 40 కోట్ల డాలర్లకు పైమాటే. 2007లో పాపులర్ సైన్స్ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణగా దీన్నే ఎంచింది.

2007 డిసెంబరులో మొదటి ప్యానెళ్లు బయటికి వచ్చాయి. ఒకటో నంబరు ప్యానెల్‌ని కంపెనీ తనే ఉంచుకుంది. మూడోది శాన్ హోసె నగరంలోని టెక్ మ్యూజియానికి ఇచ్చింది. రెండోదాన్ని ఈబేలో వేలానికి పెట్టింది! సోలార్ ప్యానెల్‌కి సినిమా హీరో చొక్కా స్థాయి గౌరవం దక్కింది ఆ ఒక్కసారే అనుకుంటా.

మరుసటి ఏడాది విడుదల చేసిన వీడియోలో వాళ్ల పూత యంత్రం నిమిషానికి 100 అడుగుల వేగంతో రేకు మీద సిరా వేస్తూ పోతుంది. యంత్రం ఖరీదు 16.5 లక్షల డాలర్లే, ఏడాదికి ఒక గిగావాట్ సరుకు పూయగలదు అన్నారు. అబద్ధమేమీ కాదు, పూయగలదు. కానీ పూసిన సిరాని అదే వేగంతో కాల్చి, మంచి స్ఫటికంగా మార్చి, సెల్స్‌గా కోసి, జతచేసి, బెర్లిన్ దగ్గర లుకెన్‌వాల్డేలోని ఫ్యాక్టరీలో రెండు గాజుల మధ్య బిగించి, చెమ్మ తగలకుండా పాతికేళ్లు నిలిచేలా చేయాలి. వీడియోలో ఉన్నది గొలుసులో ఒక్క లంకె మాత్రమే.

ల్యాబ్ లెక్కల్లో మాత్రం వాళ్లు ఓడిపోలేదు. అచ్చేసిన సీఐజీఎస్ సెల్ 17.1 శాతం ఇచ్చిందని 2011లో అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల ధ్రువీకరించింది. ఆ ఏడాది చివరికే సిలికాన్ కిలో 30 డాలర్ల చుట్టుపక్కలకి పడిపోయింది. కొరత మీద కట్టిన కోటకి కొరతే లేకుండా పోయింది. 2013లో కంపెనీ మూతపడి యంత్రాలు వేలానికి వచ్చాయి. సాంకేతికంగా చేతకాక మునిగిందని చాలామంది రాశారు కానీ, నా లెక్కలో ధర దెబ్బే పెద్దది.

నూటికి 20 మార్కులు, ఒక నోబెల్

కొలిమి అక్కర్లేని సిరాలూ ఉన్నాయి. వాటిలో కణాల్ని కలిపేయరు, సైజు చెడకుండా కాపాడతారు. వీటి పేరు క్వాంటం డాట్స్. కాడ్మియం సెలినైడ్ కణం 2 నానోమీటర్లుంటే నీలంగా, 6 నానోమీటర్లుంటే ఎర్రగా వెలుగుతుంది. పదార్థం అదే, సైజే రంగు. సోలార్ సెల్‌కి ఇది వరం. లెడ్ సల్ఫైడ్ కణాల సైజు సర్ది, కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా పట్టుకునేలా సిరా చేయవచ్చు.

రంగు గాజులో ఈ గుణాన్ని 1981లో రష్యన్ శాస్త్రవేత్త అలెక్సీ ఎకిమోవ్, ద్రవంలో 1983లో అమెరికన్ లూయీ బ్రూస్ గుర్తించారు. మౌంగీ బావెండి బృందం 1993లో ఒకే సైజు కణాలు పండించే పద్ధతి ఇచ్చింది. వేడి ద్రవంలోకి సిరంజితో ఒక్కసారిగా కొట్టడం, అంటే పైన చెప్పుకున్న వంటకానికి తాత. ముగ్గురికీ 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ప్రకటనకు కొన్ని గంటల ముందే పేర్లు స్వీడన్ పత్రికలకు పొక్కిపోయాయి. ఆ సందర్భంలోనే బావెండి, హార్వర్డ్‌లో తన మొదటి కెమిస్ట్రీ పరీక్షలో నూటికి 20 మార్కులొచ్చాయనీ, క్లాసులో అదే ఆఖరి మార్కనీ చెప్పారు.

క్వాంటం డాట్స్‌లో చెప్పుకోదగ్గ అంకె 18.1 శాతం. దక్షిణ కొరియాలో ఉల్సాన్ నగరంలోని యునిస్ట్ సంస్థ 2024లో పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థపు కణాలతో సాధించింది. ఇక్కడ పొడుగాటి నూనె గొలుసుల్ని కాల్చేయకుండా పొట్టి అణువులతో మార్పిడి చేస్తారు. కణాలు దగ్గరవుతాయి, కరెంటు దూకుతుంది. ఇందులో సీసం ఉందన్న సంగతి రికార్డు పట్టికలో కనిపించదు.

ఒక్క పూత చాలు

అతి తక్కువ సామర్థ్యంతో అతి ఎక్కువ పేరు తెచ్చుకున్నది సోలార్ పెయింట్. కర్ణాటకలో పుట్టి అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన ప్రశాంత్ కామత్ బృందం 2011 చివర్లో ప్రకటించింది. టైటానియం డయాక్సైడ్ నానో కణాలకు కాడ్మియం సల్ఫైడ్‌నో సెలినైడ్‌నో పట్టించి, నీళ్లు, ఆల్కహాల్ కలిపి పేస్టు చేసి, బ్రష్షుతో ఒక్క పూత వేశారు. వచ్చింది ఒక శాతం పైచిలుకు. అంతకే గోడలన్నీ కరెంటు ఇస్తాయని పత్రికలు పతాక శీర్షికలు పెట్టేశాయి.

సీసా లేబుళ్ల ప్రెస్సు

ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ విశ్వవిద్యాలయపు పాల్ దస్తూర్ బృందం వైన్ సీసాల లేబుళ్లు అచ్చేసే తరహా మెషీన్ మీద సోలార్ సెల్స్ అచ్చేస్తుంది. వీళ్లది కార్బన్ ఆధారిత సెమీకండక్టర్ల సిరా. ఆ కణాల్ని నీళ్లలోనే తేల్చే పద్ధతి మీద కూడా ఏళ్లతరబడి పనిచేశారు. 2022లో ఒక్కోటి 18 మీటర్లుండే 18 ప్లాస్టిక్ చుట్టలు టెస్లా కారు డిక్కీలో వేసుకుని, 15,100 కిలోమీటర్ల ఆస్ట్రేలియా ప్రదక్షిణకు పథకం వేశారు. బండి ఆపినచోట నేలమీద చుట్టలు పరిచి ఎండలో చార్జింగ్ పెట్టుకోవడమే ఏర్పాటు. సామర్థ్యం చూస్తే సిలికాన్‌కి దరిదాపుల్లో లేదు. చాపలా పరిచే ప్యానెల్‌కి నేల కొరత లేని దేశమే సరైన చోటు.

20 కిలోల పైకప్పు

తేలికతనంలో చెప్పుకోవలసింది ఎంఐటీ వాళ్ల 2022 నాటి గుడ్డ. నానో పదార్థాల సిరాలని సన్నని ఫిల్మ్ మీద పూసి, ఎలక్ట్రోడ్ని మన పెళ్లిపత్రికల స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలోనే వేసి, 15 మైక్రాన్ల మందం ఉన్న మాడ్యూల్‌ని ఒలిచి, చదరపు మీటరుకి 13 గ్రాములు తూగే గట్టి గుడ్డకి అతికించారు. కిలో బరువుకి 370 వాట్లు, మామూలు ప్యానెల్‌కి 18 రెట్లు. 8,000 వాట్ల ఇంటి వ్యవస్థని ఇలా చేస్తే పైకప్పు మీద పడే బరువు 20 కిలోలే అని వాళ్ల లెక్క. గాలికీ చెమ్మకీ నిలిచే పైకవచం బరువు ఆ లెక్కలో లేదు.

రికార్డు సైజెంత

ఈ అంకెలన్నీ చదివేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇది. పరీక్ష ఎక్కడైనా ఒకటే: చదరపు మీటరుకి 1,000 వాట్ల కృత్రిమ ఎండ, సెల్ వేడి 25 డిగ్రీలు. కానీ సెల్ ఎంత ఉండాలన్న దగ్గరే తేడాలొస్తాయి. మార్టిన్ గ్రీన్ వంటివారు 1993 నుంచి ప్రచురిస్తున్న ప్రపంచ రికార్డుల పట్టికలో ప్రధాన వరసకు ఎక్కాలంటే సెల్ కనీసం ఒక చదరపు సెంటీమీటరు ఉండాలి. ఐబీఎం 12.6 శాతం సెల్ వైశాల్యం 0.42 చదరపు సెంటీమీటర్లు. చిటికెనవేలి గోరు కింద దాక్కుంటుంది. దాన్ని తలుపంత చేయడం వేరే చదువు. పోలికకు, శూన్యపు గదిలో ఆవిరితో చేసిన సీఐజీఎస్ 23.64 శాతం దగ్గర ఉంది, సిలికాన్ 27 దాటింది.

మన వైపు కూడా ఈ పదార్థాలతో పాత పరిచయమే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో వేడి గాజు మీద ద్రావణాన్ని తుంపరలుగా చల్లి ఈ కుటుంబపు సన్నపొరలు తీసే పరిశోధన దశాబ్దాలుగా సాగింది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో శూన్యపు గది లేకుండానే, విద్యుత్ పూత పద్ధతిలో సీఐజీఎస్ పొరలు తెచ్చారు.

ఎండని పట్టని సిరా

చివరిగా, వీటన్నిటినీ తలదన్నినదాని గురించి. టిన్ ఆక్సైడ్ నానో కణాలు నీళ్లలో తేలే ద్రవం, 15 శాతం గాఢతతో సీసాల్లో రసాయనాల కంపెనీలు అమ్ముతాయి. ఇది ఎండని పట్టదు, వెలుతురు దీన్లోంచి దూసుకుపోతుంది. కరెంటుని సెల్‌లోంచి బయటికి మోసే కూలీ పని మాత్రమే చేస్తుంది. బీజింగ్ శాస్త్రవేత్తలు 2016లో ఆ సీసాలోని ద్రవంలో నీళ్లు కలిపి 2.67 శాతానికి పలచన చేసి, పూసి, 150 డిగ్రీల దగ్గర అరగంట ఆరబెట్టి, దాని మీద పెరోవ్‌స్కైట్ పొర వేశారు. 19.9 శాతానికి ధ్రువీకరణ వచ్చింది. 2019లో అదే బృందం 23.3 శాతానికి తీసుకెళ్లింది. నూనె లేదు, సెలీనియం లేదు, విషవాయువు లేదు, కొలిమి బదులు వంటింటి ఓవెన్ వేడి చాలు. ఇప్పుడు పెరోవ్‌స్కైట్ సెల్స్ చేసే ల్యాబుల్లో ఎన్నోచోట్ల బల్ల మీద ఆ సీసా ఉంటుంది.